బాండు కోసం బ్యాండు వెంట

ఆ శనివారానికి ప్రూఫ్‌రీడరు పెట్టుకున్న పనులు రెండే. మొదటిది క్షవరం. రెండోది, ఇంటికొచ్చి తలంటు పోసుకుని భోజనం వేళదాకా నిద్రపోవడం. వారమంతా అచ్చుకాగితాల మీద వంగి, ఎక్కువైన దీర్ఘాలూ తక్కువైన ఒత్తులూ ఏరుకునే మనిషికి అది పెద్ద కోరికేం కాదు. భార్య ఆస్పత్రిలో నర్సు. తెల్లవారగానే డ్యూటీకి వెళ్లిపోయింది. మామగారు పోయిన ఈ ఆర్నెల్ల నుంచీ వీళ్లతోనే ఉంటున్న అత్తగారు వంటింట్లో డబ్బాలు దించి తుడుస్తోంది.

"గంటలో వచ్చేస్తానండీ అత్తయ్యగారూ," అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"మీ గంట సంగతి నాకు తెలీదా అల్లుడుగారూ. ఆ తలకి అరగంట చాలు," అంది ఆవిడ డబ్బా మీంచి కళ్లు తిప్పకుండా.

ఆవిడ మాట అలాగే ఉంటుంది. దర్జీతో ముప్ఫై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి. దేన్ని చూసినా ముందు కొలత చెబుతుంది, తర్వాత లోపం చెబుతుంది. మామగారు బతికున్నన్నాళ్లూ ఆయన మీద ఆవిడ ఫిర్యాదు ఒక్కటే. "ఊరందరికీ టైముకి కుట్టిస్తాడు. నా బట్టల దగ్గరికొచ్చేసరికి రేపు అంటాడు. ఆయనకి నేనొకదాన్ని ఉన్నానని గుర్తుంటేగా!" ఆయన పోయాక కూడా ఆ ఫిర్యాదు ఆగలేదు. కాకపోతే ఇప్పుడు అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కాస్త తగ్గుతోంది. వినేవాళ్లకు అదే కష్టంగా ఉంటోంది.

సెలూన్‌లో ప్రూఫ్‌రీడరు తల కుడివైపు పని పూర్తయింది. సెలూనాయన ఎడమవైపుకి వచ్చి, దువ్వెన చేతిలో తిప్పుతూ మామూలుగా అడిగాడు.

"మీ మామగారి ఇన్సూరెన్సు వచ్చిందా?"

"ఏ ఇన్సూరెన్సు?"

"అదేంటి సార్, ఎదురుగా ఆఫీసు కనబట్టంలా?" సెలూనాయన అద్దం వైపు చూపించాడు. అద్దంలో వీధికవతల బీమా ఆఫీసు తలకిందులు కాకుండా, ఎడమా కుడీ మాత్రం మారి కనబడుతోంది. తలుపు మీద తెరచాప పడవ బొమ్మ. "ఏటా చలికాలంలో ఓసారి అందులోకి వెళ్లేవారు. రసీదు మడిచి జేబులో పెట్టుకుని, రోడ్డు దాటొచ్చి నా దగ్గర గడ్డం చేయించుకునేవారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. పాలసీ కట్టకుండా ఊరికే పలకరించడానికి వెళ్తారా ఎవరైనా?"

ప్రూఫ్‌రీడరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మెడకు కట్టిన గుడ్డ ఊడదీసి సెలూనాయన చేతిలో పెట్టాడు.

"సార్, ఇంకా ఒక వైపు..."

"వస్తా, ఇప్పుడే వస్తా," అంటూ వీధిలో పడ్డాడు.

అతను ఇంటికి నడిచి వెళ్లాడు. కబురు మాత్రం, పక్క కుర్చీలో గడ్డం చేయించుకుంటున్న పాల డిపో ఆయన సైకిలెక్కి ముందే చేరిపోయింది. అతను సందు తిరిగేసరికి అత్తగారు గేటు దగ్గర నిలబడి ఉంది. చుట్టూ నలుగురు ఇరుగుపొరుగు.

"అల్లుడుగారూ, ఏవో నాలుగు పాలసీలున్నాయటగా మీ మామగారికి?"

"నాలుగు కాదండీ అత్తయ్యగారూ, ఒక్కటే."

"మీరు చేతులు పెట్టేలోగానే మూడు పోయాయా?" అంది ఆవిడ. తర్వాత అతని తల వైపు చూసి, "జుట్టు కూడా సగం పోయింది," అంది.

అతను విషయం చెప్పాడు. మొదట ఆవిడ నవ్వింది. "ఆయనా? పాలసీనా? ఇంటికి ఉప్పు తేవడం గుర్తులేని మనిషి!" అంది. తర్వాత నవ్వడం ఆపేసి చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. మళ్లీ విప్పింది. "అదే నిజమైతే మాత్రం... ఒక్కసారి కళ్లతో చూడాలి. నాకేమీ ఇవ్వక్కర్లేదు. ఉందా లేదా అంతే," అని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

ఆ మాటతో ప్రూఫ్‌రీడరు నిద్ర సంగతి పూర్తిగా మర్చిపోయాడు.

బీమా ఆఫీసులో కౌంటరు వెనక ఒకే ఒక గుమాస్తా ఉన్నాడు. ఏం విన్నా కనుబొమ్మ కదపని మనిషి. మామగారి పేరు చెప్పగానే వేలు పెట్టి మూడు దస్తరాలు వెతికాడు.

"ఆ పేరు మీద పోయినవాళ్లెవరూ లేరండీ మా దగ్గర."

"ఆయన ఆర్నెల్ల కిందట పోయారండి."

"పోయి ఉండొచ్చు. మా పుస్తకాల్లో పోలేదు. ఉన్నవాళ్లలో కూడా లేరు. బాండు తీసుకురండి. లేకపోతే కనీసం పాలసీ నంబరు తెండి. ఇవాళ ఒంటిగంట దాకే ఆఫీసు."

"ఇరవై ఏళ్లు కట్టారంటున్నారు కదండీ, చూస్తే ఎక్కడో..."

"నంబరు," అన్నాడు గుమాస్తా, ఎంతో మర్యాదగా.

ఇంట్లో బాండులాంటిదేదీ లేదని అత్తగారికి తెలుసు. ఈ ఆర్నెల్లలో ఆవిడ తుడవని సొరుగు లేదు. మిగిలింది దర్జీ షాపు. ఇద్దరూ అక్కడికి బయల్దేరారు. మామగారి దగ్గర పాతికేళ్లు కాజాలు కుట్టిన ముసలాయన ఇప్పటికీ రోజూ వచ్చి షాపు తెరుస్తాడు. పాత పని ఏదైనా ఉంటే పూర్తి చేసి ఇస్తాడు. అందరూ ఆయన్ని కాజాల తాత అంటారు. మిషను చప్పుడు పడక చెవుల్లో దూది పెట్టుకునే అలవాటు ఆయనకు. ఆరోజు ఏదో పాత కోటు సరిచేస్తూ, ఎప్పట్లాగే దూది పెట్టుకునే మిషను తొక్కుతున్నాడు.

"తాతా!" అన్నాడు ప్రూఫ్‌రీడరు గొంతు పెంచి. "మామగారి బాండు ఎక్కడుందో తెలుసా?"

"బ్యాండా? తెలీకపోవడమేంటి," అన్నాడు తాత తొక్కడం ఆపకుండా. "భుజాలమీద కుట్టేశాంగా."

"కుట్టేశారా? బాండునా?"

"కుట్టకపోతే ఊరుకుంటారా? అట్టముక్కలు కోసి, లోపల పెట్టి, పైన జరీ వేసి. మీ మామగారే స్వయంగా కోశారు. ఆరోజు గట్టిదేం దొరక్కపోతే సొరుగులో ఉన్న అట్టలూ అవీ ఇవీ అన్నీ తీసి కోసేశారు. ఎనిమిది మందికీ సరిపోయింది."

ప్రూఫ్‌రీడరు తల పట్టుకుని, సగం జుట్టు తగిలి, చెయ్యి తీసేశాడు. "ఎనిమిది మందా! వాళ్లెక్కడున్నారిప్పుడు?"

"ఇవాళ కొత్త పళ్ల ఆస్పత్రి తెరుస్తున్నారుగా. అక్కడే వాయిస్తున్నారు. ఒంటిగంటన్నర బస్సుకి పొరుగూరు పోతారు. మళ్లీ నెల దాకా రారు."

రోజూ వందల పేజీల్లో ఒక్క ఒత్తు తప్పుంటే పట్టుకునే మనిషి, ఆ క్షణాన ఒక్క యవత్తు జారిపోవడం గమనించలేదు. "చూశారా అత్తయ్యగారూ, బాండు కోసి బ్యాండువాళ్ల భుజాల్లో పెట్టి కుట్టేశారు మామగారు!" అన్నాడు.

అత్తగారికి ఆశ్చర్యం వెయ్యలేదు. "ఆయన చెయ్యగలడు," అంది. "మా పెళ్లిపత్రిక కోసి ఒకాయన కోటు కాలర్లో పెట్టాడు."

పళ్ల ఆస్పత్రి ముందు రంగు కాగితాలు కట్టారు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను. ముఖ్య అతిథిగా ఒక రిటైర్డు హెడ్‌మాస్టరుగారిని పిలిచారు. ఎనభై రెండేళ్లకు కూడా ఆయనకి పళ్లన్నీ సొంతవేనని ఆ పిలుపు. డాక్టరు ఆయన్ని పరిచయం చేస్తుంటే ఆయన అందరికీ కనిపించేలా నవ్వుతూ కూర్చున్నారు. పక్కన ఎనిమిది మంది బ్యాండువాళ్లు, నీలం కోట్లు, భుజాలమీద బంగారురంగు పట్టీలతో వాయిస్తున్నారు.

ఒక పాట అయిపోగానే ప్రూఫ్‌రీడరు బ్యాండు మాస్టరు దగ్గరికి వెళ్లాడు.

"మాస్టారూ, మా మామగారి బాండు మీ దగ్గరుందట. తీసుకెళ్దామని వచ్చాం."

మాస్టరు నోట్లోంచి క్లారినెట్ తీశాడు. "ఎవరి బ్యాండు?"

"మా మామగారిది. దర్జీ. మీ డ్రెస్సులు కుట్టారు చూడండి, ఆయన."

"మంచివాడు, పాపం. ఆయనకీ బ్యాండుకీ ఏంటి సంబంధం?"

"ఇరవై ఏళ్లుగా ఏటా కట్టుకుంటూ వచ్చారండి. ఆయన పోయారు కాబట్టి న్యాయంగా ఇప్పుడది మా అత్తగారికి రావాలి."

మాస్టరు ముఖం మెల్లగా కోటు రంగుకి తిరిగింది. "పదిహేడేళ్లుగా ఈ బ్యాండు నేను నడుపుతున్నా. మీ అత్తగారికెలా వస్తుంది?"

"నడపడం వేరు, హక్కు వేరు కదండీ. మీరు ముక్కలుగా ఇచ్చినా ఫరవాలేదు. మేం అతికించుకుంటాం."

"ముక్కలుగానా? మావాళ్లనా?"

"అందరూ అక్కర్లేదు. భుజాలు చాలు."

పెద్ద డ్రమ్ము వాయించే బొద్దుమనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. ట్రంపెట్ ఆయన ట్రంపెట్‌ని రెండు చేతులతో కర్రలా పట్టుకున్నాడు. జనంలోంచి ఎవరో, "ఎవరండీ ఆ సగం గుండాయన?" అని అడిగారు. "లోపల్నుంచి పారిపోయొచ్చిన పేషెంటనుకుంటా. పళ్ల కోసం వెళ్తే జుట్టు పీకేశారు చూడండి," అన్నారింకెవరో. ఆ మాట వినగానే, మొదటిరోజే ఉచిత పరీక్ష అని వరసలో నిలబడ్డవాళ్లలో ఐదారుగురు జారుకున్నారు.

మాటలతో పని జరగదని ప్రూఫ్‌రీడరుకి అర్థమైంది. పక్కనే వెండి పళ్లెంలో కత్తెర కనబడింది. దాన్ని తీసుకుని డ్రమ్మాయన భుజం వైపు నడిచాడు.

"అమ్మో!" అన్నాడు డ్రమ్మాయన, డ్రమ్ము అడ్డం పెట్టుకుని.

సరిగ్గా అదే సమయానికి డాక్టరు, "ఇప్పుడు ముఖ్య అతిథిగారు తమ అమృతహస్తాలతో రిబ్బను కత్తిరిస్తారు," అన్నాడు. హెడ్‌మాస్టరుగారు లేచి, పళ్లెంలో చెయ్యి పెట్టారు. పళ్లెం ఖాళీ. అక్కడే ఉన్న రిబ్బను వైపూ, దూరంగా డ్రమ్ము చుట్టూ తిరుగుతున్న కత్తెర వైపూ చూశారు. చూసి చూసి, డాక్టరు ఆపేలోగానే వంగి రిబ్బనుని పళ్లతో కొరికి తెంపేశారు.

చప్పట్లు మారుమోగాయి. ఇంత గొప్ప ప్రచారం డబ్బులు పోసినా దొరకదని డాక్టరుకి తట్టి, అతనే అందరికంటే గట్టిగా కొట్టాడు. జారుకున్నవాళ్లు తిరిగొచ్చి వరసలో నిలబడ్డారు.

ఈ సందడిలోనే, వేగంగా నడవలేక వెనకపడ్డ అత్తగారు వచ్చింది. అల్లుడి చేతిలోంచి కత్తెర లాక్కుని డ్రమ్మాయన ముందు నిలబడింది.

"ఛాతీ నలభై నాలుగు. కుడిభుజం అరంగుళం కింద. నువ్వేగా?"

"నేనేనమ్మా," అన్నాడు డ్రమ్మాయన, చిన్నపిల్లాడిలా.

"వంగు. పట్టీ విప్పి చూసి మళ్లీ కుట్టిస్తా. ఆ కోటు చేతులకి అంచు వేసింది నేనే. నా కుట్టు నేను విప్పుకుంటే నీకేంటి?"

డ్రమ్మాయన వంగాడు. ఆవిడను చూసి మిగతావాళ్లూ వంగారు. పట్టీల్లోంచి అట్టముక్కలు ఒకటొకటే బయటపడ్డాయి. చెప్పుల పెట్టె ముక్క. క్యాలెండరు అట్ట, అందులో సగం కొండ, పావు సూర్యుడు. సబ్బు పెట్టె. బాండు మాత్రం లేదు.

అప్పుడే కాజాల తాత రొప్పుతూ వచ్చాడు. ఈసారి దూది చేతిలో ఉంది. "నేను బ్యాండు అన్నా బాబూ, బ్యాండు! ఆ మిషను ఆపాక తట్టింది, మీరడిగింది బాండేమో అని. బాండు సంగతి నాకేం తెలుసు?"

బ్యాండు మాస్టరు, "అదన్నమాట! నా బ్యాండు అడగటం లేదన్నమాట!" అని ఊపిరి పీల్చుకున్నాడు. ప్రూఫ్‌రీడరు మాత్రం చతికిలబడిపోయాడు. సగం గుండుతో, ఊరందరి ముందు, ఒక యవత్తు కోసం! అత్తగారి ముఖంలోకి చూసే ధైర్యం లేక కిందపడ్డ అట్టముక్కలు ఏరసాగాడు.

ఏరుతూ ఆగిపోయాడు. డ్రమ్మాయన ఎడమభుజంలోంచి వచ్చిన ముక్క మీద ఒక తెరచాప. దాని కింద సిరాతో నాలుగంకెలు, సగంలో కోసేసి ఉన్నాయి. గబగబా మిగతావన్నీ తిరగేశాడు. ట్రంపెట్ ఆయన కుడిభుజం ముక్క మీద పడవ అడుగుభాగం, ఇంకో మూడంకెలు. రెండూ పక్కపక్కన పెడితే పడవ నిండుగా తేలింది.

"అత్తయ్యగారూ! బాండు కాదు, బాండు పెట్టి ఇచ్చే అట్ట కవరు! నంబరుంది!"

అప్పటికి పన్నెండూ నలభై. అత్తగారు కదలబోతే మాస్టరు అడ్డం వచ్చాడు. "అమ్మా, పట్టీలు వేలాడుతూ బస్సెక్కలేం. కుట్టి పొండి."

"మీరే నా వెంట రండి. అక్కడ బల్ల ఉంది, కూర్చుని కుడతా," అంది ఆవిడ.

అలా, ఆఫీసు మూయడానికి పది నిమిషాల ముందు, గుమాస్తా తలెత్తేసరికి ఎదురుగా సగం గుండాయన, వెనక అత్తగారు, ఆవిడ వెనక వాయిద్యాలతో సహా ఎనిమిది మంది, చివర్న కాజాల తాత ఉన్నారు. గుమాస్తా కనుబొమ్మ కదపలేదు. అట్టముక్కలు రెండూ అందుకుని లోపలికి వెళ్లాడు. అత్తగారు బల్ల మీద కూర్చుని సూదిలో దారమెక్కించి మొదటి పట్టీ అందుకుంది.

గుమాస్తా ఒక పాత ఫైలుతో వచ్చాడు. "పాలసీ ఉంది. కానీ మీరు చెప్పినాయన మీద కాదు. కట్టింది ఆయనే. పాలసీ మాత్రం వేరేవాళ్ల మీదుంది."

"ఎవరి మీద?" అన్నాడు ప్రూఫ్‌రీడరు.

"ఒకావిడ మీద."

అత్తగారి సూది ఆగిపోయింది. ఎనిమిది మంది బ్యాండువాళ్లూ ఒక్కసారిగా కప్పు వైపు చూశారు. ప్రూఫ్‌రీడరుకి నేల చీలితే బాగుండుననిపించింది. నిద్రపోయి ఉంటే ఎంత హాయిగా ఉండేది!

"ఒకావిడా?" అంది అత్తగారు లేచి నిలబడి. "ఎంత వయసుంటుంది ఆవిడకి?"

గుమాస్తా చూసి చెప్పాడు. "ఇప్పటికి అరవై నిండాయి."

"ఈ వయసులోనా! పెళ్లయిందా?"

"అయింది."

"సిగ్గులేకపోతే సరి! ఎవరా మొగుడు?"

గుమాస్తా ఫైలు ఆవిడ వైపు తిప్పాడు. "మీవారే. ఈ పేరు మీదే కదమ్మా?"

అత్తగారు వంగి చూసింది. అది తన పేరే. పెళ్లయ్యాక ఎవ్వరూ పిలవని పూర్తి పేరు, పొల్లు పోకుండా రాసుంది. వెంటనే ఆవిడకి కొత్త కోపం వచ్చింది.

"అంటే నేనెప్పుడు పోతానా అని ఇరవై ఏళ్లు ఎదురుచూశాడా ఈయన?"

"దరఖాస్తులో ఎందుకు తీసుకుంటున్నారో రాయాలండీ. రాశారు, చదువుకోండి."

ఆవిడ కోపంగా ఫైలు అల్లుడి వైపు తోసేసింది. ప్రూఫ్‌రీడరు ముందుకొచ్చి పైకి చదివాడు. మామగారి అక్షరాలు, గుడ్డ మీద సుద్దతో గీసినట్టు వంకర లేకుండా ఉన్నాయి. "నేను పోతే ఈవిడ నెగ్గుకొస్తుంది. ఈవిడ పోతే నావల్ల కాదు."

అచ్చుతప్పు ఒక్కటీ లేదు. అయినా అతను మళ్లీ మొదటినుంచీ చదువుకున్నాడు.

అత్తగారు ఫైలు తన వైపు లాక్కుని ఆ అక్షరాల మీద వేలు నడిపింది. డ్రమ్మాయన ముక్కు చీదుకున్నాడు. కాజాల తాత చేతిలోని దూది ఆయనకిచ్చాడు.

"ఈ ముక్క నోటితో ఒక్కసారి అంటే ఏం పోయేది ఈ మనిషికి," అంది ఆవిడ చివరికి. అని, ఎంత ఆపుకున్నా ఆగక, ముఖమంతా విప్పారేలా నవ్వింది. "ఇరవై ఏళ్లు! ఉప్పు గుర్తుండదు గానీ ఇది గుర్తుందట!"

"ఇంకో సంగతండీ," అన్నాడు గుమాస్తా. "గడువు రెండు నెలల కిందటే పూర్తయింది. ఉత్తరాలు షాపు అడ్రసుకి పంపాం. అవీ ఏ కోట్లో ఉన్నాయో. పాలసీ మొత్తం మీకే వస్తుంది, మీరు ప్రాణాలతో ఉన్నారు కాబట్టి. కాకపోతే బతికున్నట్టు ఒక ఆధారం కావాలి."

"బతికున్నట్టు ఆధారమా?" అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పొద్దున లేచి పదిహేడు డబ్బాలు తుడిచాను. రోడ్డన పడి ఊరంతా తిరిగాను. ఎనిమిది మంది మగాళ్లని వంగోబెట్టి భుజాలు విప్పాను. ఇప్పుడు కూర్చుని కుడుతున్నాను. ఈ అల్లుడుగారిని చూడండి, సగం తలతో నా కోసం ఊళ్లో తిరుగుతున్నారు, ఇలాంటి అల్లుడు మీకున్నాడా? మీ కాలరు చూడండి, ఎడమవైపు ఎత్తు, కుడివైపు దిగుడు, ఎవడు కుట్టాడండీ అది? రేపు షాపుకి రండి, సరిచేస్తా. షాపు నేను తెరుస్తున్నా, తాతా, విన్నావా? మాస్టారూ, వచ్చే నెల మీ ఎనిమిది మందికీ కొత్త పట్టీలు, ఈసారి అట్టలు కాదు, అసలైన బక్రం గుడ్డ పెట్టి. ఇంకా ఏం కావాలండీ మీకు ఆధారం, గాలి పీల్చి చూపించాలా..."

ఆవిడ ఆగే సూచనలు కనిపించలేదు. గడియారం ఒంటిగంట కొట్టింది. గుమాస్తా ఫారం దగ్గరికి లాక్కుని, 'జీవించియున్నట్లు ఆధారం' అన్న గడిలో 'స్వయంగా విన్నాను' అని రాసి సంతకం పెట్టాడు.